గేట్‌వే ధర శాతంలో ఉండదు

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు చీరలో, పచ్చళ్ళో, ఆన్‌లైన్ సంగీతం క్లాసులో అమ్ముదామని ఎవరైనా మొదలుపెట్టగానే చుట్టుపక్కల వాళ్ళంతా చెప్పే సలహా ఒకటుంది. ‘పేమెంట్ గేట్‌వేలన్నీ ఒకటేనండీ. ఎవరి పర్సెంటేజీ తక్కువుంటే వాళ్ళని పెట్టుకోండి.’ వెబ్‌సైట్ చేసిచ్చే కుర్రాళ్ళు ఇదే చెబుతారు. వ్యాపార మెళకువల వీడియోల్లో ఒక పట్టిక వేసి ఇదే చూపిస్తారు: ఎడమ పక్క కంపెనీ పేరు, కుడి పక్క శాతం, అన్నిటికన్నా చిన్న అంకెకు ఆకుపచ్చ టిక్కు. ఆ పట్టిక నమ్మి నిర్ణయం తీసుకున్న చిన్న వ్యాపారి నెల తిరిగేసరికి బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని, అమ్మిందెంత, వచ్చిందెంత అని తల పట్టుకుంటాడు.

ఆ సలహా తప్పు. సగం నిజమని సరిపెట్టుకోవడానికి కూడా వీల్లేనంత తప్పు. గేట్‌వే అసలు ధర దాని ప్రకటనలో ఉండదు. కొన్నవాళ్ళ కార్డు మీద పడిన మొత్తానికీ, మీ కరెంట్ ఖాతాలో రూపాయల్లో జమ అయిన మొత్తానికీ మధ్య ఉన్న తేడా అసలు ధర. ఆ డబ్బు ఎగుమతి సొమ్మేనని రుజువు చేసే కాగితం చేతికి రాకపోతే, దానివల్ల పోగొట్టుకునేది కూడా ధరలోకే వస్తుంది. ఈ రెండూ ఏ పట్టికలోనూ కనబడవు.

ఈ భ్రమ ఎక్కడ పుట్టిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. 2020 జనవరి నుంచి మన దేశంలో యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద వ్యాపారి దగ్గర చార్జీ తీసుకోకూడదన్నది నియమం. టీ కొట్టు నుంచి బంగారం షాపు దాకా స్కాన్ చేసి కట్టడం, కట్టించుకోవడం అలవాటైపోయింది. డబ్బు కదలడానికి ఖర్చే ఉండదన్న నమ్మకం మనలో నాటుకుపోయింది. కానీ ఆ ఖర్చు మాయమైపోలేదు. దాన్ని బ్యాంకులు మోస్తున్నాయి, కొంత ప్రభుత్వం ప్రోత్సాహకాల పేరుతో భర్తీ చేస్తోంది. డల్లాస్‌లో ఉన్న ఆవిడ తన క్రెడిట్ కార్డుతో మీ దగ్గర ఇకత్ చీర కొంటే ఆ ఖర్చును మన ప్రభుత్వం భరించదు. ఆవిడ కార్డు ఇచ్చిన బ్యాంకు తన వాటా తీసుకుంటుంది, వీసా లేదా మాస్టర్‌కార్డ్ తన వాటా తీసుకుంటుంది, ఆ తర్వాతే మీ గేట్‌వే. అమెరికాలో కార్డుల మీద ఇచ్చే రివార్డు పాయింట్ల డబ్బు కూడా చివరికి అమ్మేవాడి జేబులోంచే పోతుంది.

దీన్ని యూరప్ ఉదాహరణతో చూస్తే తేటగా ఉంటుంది. అక్కడ 2015 డిసెంబరు నుంచి, కార్డు ఇచ్చిన బ్యాంకు తీసుకునే వాటా డెబిట్ కార్డుకు 0.2 శాతం, క్రెడిట్ కార్డుకు 0.3 శాతం మించకూడదని చట్టం. యూరప్ బయట ఇచ్చిన కార్డుతో అక్కడి దుకాణంలో ఆన్‌లైన్‌లో కొంటే మాత్రం, 2019లో వీసా, మాస్టర్‌కార్డ్‌లు యూరోపియన్ కమిషన్‌కు ఒప్పుకున్న పరిమితులే 1.15 శాతం, 1.5 శాతం. గట్టిగా బిగించే నియంత్రణ సంస్థ ఉన్నచోట కూడా, సరిహద్దు దాటి వచ్చిన కార్డు ఖరీదు స్థానిక కార్డుకు ఐదు రెట్లు. కాబట్టి విదేశీ కార్డు చెల్లింపులను ఒక శాతానికో, ఒకటిన్నర శాతానికో ఇప్పిస్తామని ఎవరన్నా చెబితే, మిగతా డబ్బు ఇంకెక్కడో తీసుకుంటున్నారని అర్థం. ఆ ‘ఎక్కడో’ దాదాపు ప్రతిసారీ మారకం రేటే.

లెక్క వేసి చూద్దాం. సులువు కోసం ఆ రోజు అసలు మారకం రేటు డాలరుకు 85 రూపాయలనుకుందాం. చీర ధర 100 డాలర్లు, అంటే 8,500 రూపాయలు. మొదటి కంపెనీ 3 శాతం తీసుకుంటానంటుంది. పట్టికలో ఆకుపచ్చ టిక్కు దానికే. కానీ డాలర్లను రూపాయలు చేసేటప్పుడు అసలు రేటు కంటే 2 శాతం తక్కువ కట్టి ఇస్తుంది. అంటే 83 రూపాయల 30 పైసలు. అక్కడికే 170 రూపాయలు పోయి 8,330 మిగిలింది. దాని మీద 3 శాతం అంటే 249 రూపాయల 90 పైసలు. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ, 45 రూపాయలు. చేతికొచ్చేది 8,035. రెండో కంపెనీ 3.9 శాతం అంటుంది. పట్టికలో దాని పక్కన ఎర్ర గుర్తు. కానీ అసలు రేటుకే మారుస్తుంది. రుసుము 331 రూపాయల 50 పైసలు, జీఎస్టీ దాదాపు 60, చేతికొచ్చేది 8,109. ‘ఖరీదైన’ కంపెనీ దగ్గర ఒక్క చీర మీద 74 రూపాయలు ఎక్కువ వచ్చాయి. నెలకు వంద ఆర్డర్లుంటే ఏడు వేల పైచిలుకు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, రుసుము మీద కట్టిన పన్నును క్రెడిట్‌గా వెనక్కి తెచ్చుకోగలిగితే తేడా ఇంకా పెరుగుతుంది, ఆర్డరుకు 88 రూపాయలు. ఎందుకంటే రుసుము మీద కట్టిన జీఎస్టీ తిరిగొస్తుంది. మారకం రేటులో కోసుకున్నదానికి రసీదే ఉండదు, తిరిగిరావడం అన్న మాటే లేదు.

ఇందులో అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే, నిజమైన కంపెనీల రేట్లు మారుతూ ఉంటాయి. కానీ పద్ధతి మారదు. గేట్‌వే ప్రతినిధితో మాట్లాడేటప్పుడు ‘మీ పర్సెంటేజీ ఎంత?’ అన్న ప్రశ్న కంటే ముందు అడగాల్సినది, ‘ఏ రేటుకు మారుస్తారు, ఆ రేటు ఎవరిది, ఏ పూట రేటు?’ అన్నది. బ్యాంకుల మధ్య నడిచే రేటుకు ఎంత తేడాతో ఇస్తారో రాతపూర్వకంగా చెప్పనివాళ్ళతో మాట్లాడటం అనవసరం. ‘మార్కెట్ రేటేనండీ’ అన్న జవాబు జవాబు కాదు.

శాతం వాదం రెండో చోట కూడా విఫలమవుతుంది: చిన్న మొత్తాల దగ్గర. చాలా కంపెనీలు శాతంతో పాటు ప్రతి లావాదేవీకీ ఒక స్థిర మొత్తం తీసుకుంటాయి. డాలర్లలో అది 30 సెంట్లు అనుకోండి. 100 డాలర్ల చీర మీద అది పట్టించుకోనక్కర్లేని మొత్తం. కానీ కూచిపూడి నుంచో, విజయవాడ నుంచో న్యూజెర్సీ పిల్లలకు వీడియోలో నాట్యం నేర్పే టీచరుగారు వారానికి 10 డాలర్లు తీసుకుంటుంటే అది మరో 3 శాతం. ఆవిడకు కావాల్సింది తక్కువ శాతం ఉన్న కంపెనీ కాదు, నెలకొకసారి 40 డాలర్లు వసూలు చేసుకునే ఏర్పాటు. నాలుగు సార్లు పోయే 30 సెంట్లు ఒక్కసారికి తగ్గుతాయి. కంపెనీ మార్చకుండానే ఆ స్థిర రుసుములో ముప్పాతిక వంతు ఆదా. ఇలాంటి మాట చెప్పే సలహాదారు నాకింతవరకు ఎదురుపడలేదు, ఎందుకంటే ఇది చెప్పాలంటే ముందు ఆవిడ ఏం అమ్ముతున్నారో అడగాలి.

రెండో కొసన, హైదరాబాద్‌లో నలుగురు కలిసి నడుపుకునే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ లండన్ క్లయింటుకు 3,000 డాలర్ల ఇన్‌వాయిస్ పంపితే దానికి కార్డు గేట్‌వే పెట్టడమే దండగ. 4 శాతమంటే 120 డాలర్లు. బ్యాంకు నుంచి బ్యాంకుకు వైరు పంపితే ఖర్చు సాధారణంగా 40, 50 డాలర్ల దాకానే, అదీ మొత్తాన్ని బట్టి అంతగా పెరగదు. క్లయింటు తన దేశంలోనే స్థానిక బదిలీ చేస్తే మనకు ఇక్కడ అందేలా ఖాతా నంబరు ఇచ్చే సేవలు వైజ్, పేయోనీర్ లాంటివి ఉన్నాయి, అవి ఇంకా తక్కువకు అయ్యే సందర్భాలూ ఉంటాయి. కూచిపూడి టీచరుకూ ఈ సంస్థకూ ఒకే గేట్‌వే చవక అని చెప్పే పట్టిక ఎవరి లెక్కా చూడలేదన్నట్టే.

వాపసుల సంగతి ఇంకా ఘోరం. చీర రంగు ఫోటోలో కనబడినట్టు లేదని కస్టమరు తిప్పి పంపితే మీరు పూర్తి డబ్బు ఇస్తారు. గేట్‌వే మాత్రం తన రుసుము చాలావరకు తిరిగివ్వదు. పేపాల్ 2019లో ఈ విధానానికి మారింది, మిగతా పెద్ద కంపెనీలదీ అదే దారి. మారకం రేటు తేడా కూడా మీ నెత్తినే పడుతుంది. ఇక కస్టమరు మీతో మాట్లాడకుండా నేరుగా తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే అది చార్జ్‌బ్యాక్. చాలా రకాల ఫిర్యాదులకు కార్డు కంపెనీలు ఇచ్చే గడువు 120 రోజులు. దానికి విడిగా 15, 20 డాలర్ల చార్జీ వేయడం మామూలు. మగ్గం మీద నేయించి పంపడానికే వారాలు పట్టే చీరకు 120 రోజుల గడువు అంటే, డబ్బు మీదైపోయిందని ఎప్పుడూ ధీమాగా ఉండలేరు. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేసిన తర్వాత, గుమ్మం ముందు డ్యూటీ కట్టమంటే పార్సిల్ వద్దనే కస్టమర్లు ఉంటారు. అలాంటి వాపసు మీద పోయే రుసుము ‘2.9 శాతమే’ అని రాసిన పట్టికలో ఎక్కడుంది? వాపసులు ఎక్కువయ్యే వ్యాపారానికి, రుసుము అర శాతం ఎక్కువైనా సరే, ఫిర్యాదు వచ్చినప్పుడు ట్రాకింగ్ వివరాలు తీసుకుని మీ తరఫున జవాబు పెట్టే కంపెనీయే చవక.

ఇక రెండో పెద్ద మాట. ‘వీళ్ళు 135 కరెన్సీలు తీసుకుంటారు, వాళ్ళు 100 తీసుకుంటారు.’ ఈ అంకెకు చిన్న వ్యాపారి జీవితంలో అర్థమే లేదు. నూట ముప్పై అయిదు కరెన్సీల్లో ధర చూపించగలగడం వేరు, ఆ కరెన్సీలో డబ్బు మీకు రావడం వేరు. మన దగ్గర ఈ గేట్‌వేలతో చిన్న వ్యాపారికి చివరికి అందేది మామూలుగా రూపాయలే. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న దేశాలు చూడండి: అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్, గల్ఫ్ దేశాలు. సౌదీ రియాల్ డాలరుకు 3.75 దగ్గర, యూఏఈ దిర్హామ్ 3.6725 దగ్గర దశాబ్దాలుగా కట్టేసి ఉన్నాయి. అక్కడి వాళ్ళకు డాలర్లలో ధర చెప్పినా రేపటికి మారిపోదు. అయిదారు కరెన్సీలు సరిపోతాయి.

కరెన్సీ కన్నా ముఖ్యమైనది, వాళ్ళు డబ్బు ఏ దారిలో కడతారన్నది. కడప, రాజంపేట, కోనసీమ వైపు నుంచి కువైట్ వెళ్ళిన మన కార్మికులు, డ్రైవర్లు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళలో చాలామంది చేతిలో ఉండేది అక్కడి స్థానిక నెట్‌వర్క్ కేనెట్ మీద నడిచే డెబిట్ కార్డు. మీ గేట్‌వే కువైట్ దినార్ తీసుకుంటుంది, కేనెట్ తీసుకోదు అంటే పండక్కి ఇంటికి బట్టలు పంపుదామనుకున్న మనిషి కట్టలేక వెనక్కి వెళ్ళిపోతాడు. సౌదీలో మదా కూడా ఇలాంటిదే. ఇంకో సంగతి కూడా ఉంది, ఇది నేరుగా వెబ్‌సైట్ చేసేవాళ్ళకు. కువైట్ దినార్‌కు వెయ్యి ఫిల్సులు, దశాంశం తర్వాత మూడు స్థానాలు. బహ్రెయిన్ దినార్, ఒమన్ రియాల్‌కు కూడా మూడు స్థానాలే. రూపాయలకు, డాలర్లకు అలవాటుపడ్డ ప్రోగ్రాం ధరను వందతో గుణించి గేట్‌వేకు పంపితే 10 దినార్ల చీర ఒక దినార్‌కు అమ్ముడుపోతుంది. నూరు కరెన్సీలు ఉన్నాయని మురిసిపోయే ముందు, మీకు కావాల్సిన ఆ నాలుగైదింటినీ చిన్న మొత్తంతో నిజంగా ఒకసారి కట్టించి చూడండి.

‘ధర రూపాయల్లోనే పెట్టేస్తే ఏ గొడవా ఉండదు, మార్పిడి ఖర్చు మనకు రాదు’ అని వాదించేవాళ్ళూ ఉన్నారు. మార్పిడి ఎక్కడో ఒకచోట జరగాల్సిందే. మీ దగ్గర జరగకపోతే కస్టమరు బ్యాంకు దగ్గర జరుగుతుంది, అమెరికా కార్డుల్లో చాలావాటికి విదేశీ లావాదేవీ చార్జీ 3 శాతం దాకా ఉంటుంది. ఆవిడకు ఆ సంగతి స్టేట్‌మెంట్ వచ్చాకే తెలుస్తుంది. రెండోసారి ఆవిడ ఎందుకు కొనలేదో మీకు మాత్రం ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే సలహాకు వస్తాను. ‘గేట్‌వే ఎందుకండీ అసలు? అమెరికాలో మీ తమ్ముడున్నాడుగా. డబ్బులన్నీ అక్కడి బ్యాంకు బదిలీ సేవ జెల్‌లో అతని ఖాతాకు వేయించండి, నెలాఖరుకు మొత్తం కలిపి మీకు పంపించేస్తాడు. రూపాయి ఖర్చు లేదు.’ ఇది మన తెలుగు ఊళ్ళల్లో ఎంత మామూలైపోయిందో చెప్పనక్కర్లేదు. చీరల లైవ్ వీడియోల కింద ఆ తమ్ముడి ఫోన్ నంబరు పెట్టేస్తున్నారు. దీన్ని చవక అనడం అన్యాయం.

ముందు ఆ తమ్ముడి వైపు చూడండి. అతని వ్యక్తిగత ఖాతాలో నెలనెలా పదుల మంది అపరిచితుల నుంచి డబ్బు పడుతోంది. అది అతని ఆదాయం కాదని అక్కడి పన్ను శాఖకు చూపించాల్సిన రోజు వస్తే అతని దగ్గర ఏ కాగితం ఉంది? వ్యక్తిగత ఖాతాలో వ్యాపారం నడుస్తోందని బ్యాంకు ఖాతా మూసేస్తే? అతని వీసా పరిస్థితి ఏమిటో, అక్కడ పక్క వ్యాపారం చేయడానికి అతనికి వీలుందో లేదో మీరెప్పుడైనా అడిగారా? తెలిసినవాళ్ళకు, నమ్మకమున్నవాళ్ళకు మాత్రమే పంపండని జెల్ సంస్థే హెచ్చరిస్తుంది. సరుకు రాకపోతే కొన్నవాళ్ళకు కార్డుకున్నట్టు రక్షణ ఉండదు. మీ మీద నమ్మకం ఉన్నవాళ్ళు కడతారు, లేనివాళ్ళు కట్టరు. అంటే వ్యాపారం మీ బంధువుల స్నేహితుల దగ్గరే ఆగిపోతుంది.

తర్వాత మీ వైపు. తమ్ముడు పంపిన డబ్బు మీ బ్యాంకులో ఏ పేరుతో పడుతుంది? విదేశాల నుంచి వచ్చే ప్రతి సొమ్ముకూ రిజర్వు బ్యాంకు ఒక పర్పస్ కోడ్ పెట్టింది. సరుకు ఎగుమతికి ముందుగా వచ్చే డబ్బుకు పి0103. కుటుంబ పోషణకు పంపే డబ్బుకు పి1301. తమ్ముడి డబ్బు మామూలుగా పి1301 కింద పడుతుంది. మీ చీర మాత్రం షిప్పింగ్ బిల్లుతో కస్టమ్స్ దాటి వెళ్ళింది. ఒక పక్క సరుకు బయటికి పోయినట్టు రికార్డు, ఇంకో పక్క దానికి డబ్బు రానట్టు రికార్డు. ఎగుమతి మీద జీఎస్టీ సున్నా రేటు కింద ఉంటుంది, దాని మీద రిఫండ్ తెచ్చుకోవచ్చు. కానీ సరుకుకు రావాల్సిన విదేశీ మారకం గడువులోగా రాకపోతే తీసుకున్న రిఫండ్ వడ్డీతో వెనక్కి కట్టాలని 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన చెబుతోంది. సేవలైతే మరీ సూటిగా ఉంది. డబ్బు విదేశీ మారకంలోనో, రిజర్వు బ్యాంకు అనుమతించిన చోట రూపాయల్లోనో రాకపోతే చట్టం దృష్టిలో అది సేవల ఎగుమతే కాదు. కూచిపూడి టీచరుగారు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి కూడా తమ్ముడి ఖాతా ద్వారా డబ్బు తెచ్చుకుంటే, మూడు శాతం మిగిలిందనుకున్నచోట 18 శాతం పన్ను మీద పడే ప్రమాదం ఉంది.

చిన్న మొత్తాల ఎగుమతి బిల్లులకు రిజర్వు బ్యాంకు ఈ మధ్య కొన్ని సడలింపులు ఇచ్చింది. మంచిదే. అయినా ఈ ఆర్డరుకు ఈ డబ్బు వచ్చిందని చూపే కాగితం అవసరం తీరిపోలేదు. ఆ కాగితం, ఫిరా అని బ్యాంకుల్లో పిలిచే ఇన్‌వార్డ్ రెమిటెన్స్ అడ్వైస్, మీ గేట్‌వే ఉచితంగా ఇస్తుందా, ఒక్కోదానికి డబ్బు తీసుకుంటుందా, నెలంతటికీ కలిపి ఒకటే ఇస్తుందా, ఆర్డరు నంబర్లతో సరిపోల్చుకునేలా ఇస్తుందా అన్నది ధరలో భాగమే. కొన్ని కంపెనీలు యాభై ఆర్డర్ల డబ్బు ఒకే మొత్తంగా జమ చేసి చేతులు దులుపుకుంటాయి. దాన్ని విడగొట్టడానికి అకౌంటెంటుకు ఇచ్చే జీతం కూడా ఆ గేట్‌వే రుసుమే.

‘అమెరికాలో ఎల్‌ఎల్‌సీ పెట్టి స్ట్రైప్ తీసుకోండి’ అన్నది ఇంకొంచెం చదువుకున్నవాళ్ళ సలహా. 2024 మేలో గేట్‌వే కంపెనీ స్ట్రైప్ మన దేశంలో కొత్త వ్యాపారాలను ఆహ్వానం మీద మాత్రమే చేర్చుకోవడం మొదలుపెట్టాక ఈ సలహాకు గిరాకీ పెరిగింది. ఎల్‌ఎల్‌సీ అంటే అక్కడి పరిమిత బాధ్యత కంపెనీ. పెట్టడం సులువే, కొన్ని వందల డాలర్లతో అయిపోతుంది. సలహా ఇచ్చేవాళ్ళు అక్కడికి ఆపేస్తారు. డెలావేర్ రాష్ట్రంలో పెడితే, అది ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏటా జూన్ 1 లోగా 300 డాలర్లు కట్టాలి, ఒక్క చీర అమ్మకపోయినా సరే. విదేశీయుడు ఒక్కడే యజమానిగా ఉన్న ఎల్‌ఎల్‌సీ అక్కడి పన్ను శాఖకు 5472 ఫారం దాఖలు చేయాలి, చేయకపోతే జరిమానా 25,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఇక్కడ 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడుల నియమాలు వర్తిస్తాయి, పెట్టుబడి వివరం బ్యాంకు ద్వారా రిజర్వు బ్యాంకుకు తెలపాలి, ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. పైగా సరుకు పంపేది చీరాల నుంచి మీరు, డబ్బు తీసుకునేది డెలావేర్ కంపెనీ. కొన్నవాళ్ళ పేరూ డబ్బు పంపినవాళ్ళ పేరూ వేరైనప్పుడు బ్యాంకు అడిగే ప్రశ్నలకు మళ్ళీ సమాధానాలు వెతుక్కోవాలి. పెట్టుబడిదారుల కోసం చూస్తున్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇదంతా గిట్టుబాటు కావచ్చు. నెలకు ముప్పై చీరలు అమ్మే కుటుంబానికి కాదు. ఒక శాతం ఆదా కోసం పెట్టిన ఏర్పాటు తడిసి మోపెడవుతుంది.

‘డాలర్లు డాలర్లుగానే ఉంచుకుని రేటు పెరిగినప్పుడు మారుద్దాం’ అన్నవాళ్ళకు రెండు ముక్కలు చాలు. మన దేశంలో ఉంటూ ఎగుమతి చేసేవాళ్ళు ఈఈఎఫ్‌సీ ఖాతా తెరిచి విదేశీ కరెన్సీ ఉంచుకోవచ్చు, కానీ ఈ నెల వచ్చింది వాడకపోతే వచ్చే నెలాఖరులోగా రూపాయల్లోకి మార్చాల్సిందే, వడ్డీ రాదు. పేపాల్ కూడా ఇక్కడి ఖాతాల్లో డబ్బు నిల్వ ఉంచదు, బ్యాంకుకు పంపేస్తుంది. విదేశాల్లో కరెన్సీకొక అర పెట్టుకునే బహుళ కరెన్సీ వాలెట్ల గురించి చదివి ఇక్కడ కూడా అలాగే ఉంటుందనుకోవద్దు.

ఇంత చెప్పాక, అవతలి అతివాదాన్ని కూడా ఒప్పుకోలేను. ‘పేపాల్ దోపిడీ, దాని జోలికే పోవద్దు’ అనేవాళ్ళున్నారు. మన దేశంలో దాని రుసుము, మార్పిడి తేడా కలిపితే ఖరీదే, అందులో సందేహం లేదు. కానీ మీ పేరు ఎప్పుడూ వినని ఒక అమెరికన్ మొదటిసారి పోచంపల్లి దుప్పటి కొనేటప్పుడు ఆ గుర్తు చూసి ధైర్యంగా కడతాడు. మొదటి పదిహేను, ఇరవై ఆర్డర్లకు అది కొనిపెట్టే నమ్మకం ఖరీదు అనుకోండి. కానీ దాని మీదే ఆధారపడితే ఏమవుతుందో ఇక్కడి వ్యాపారులు చూశారు. 2010 ఫిబ్రవరిలో పేపాల్ మన దేశానికి వ్యక్తిగత చెల్లింపులూ, బ్యాంకుకు విత్‌డ్రాలూ కొన్నాళ్ళు ఆపేసింది. 2011లో రిజర్వు బ్యాంకు పరిమితి ఒక్కో లావాదేవీకి 500 డాలర్లే ఉండేది, తర్వాత 3,000, 2013లో 10,000. 2023 అక్టోబరు 31న మొత్తం పద్ధతే మార్చి, సరిహద్దు దాటే చెల్లింపులు చేసే కంపెనీలు పేమెంట్ అగ్రిగేటర్ క్రాస్ బార్డర్ అనే అనుమతి తీసుకోవాలంది, ఒక్కో వస్తువు లేదా సేవ విలువకు 25 లక్షల రూపాయల పరిమితి పెట్టింది. ఇలాంటి నియమాలు బిగిసినప్పుడు ఇబ్బంది పడేది ఒకే దారి పెట్టుకున్నవాళ్ళే. చవకగా వస్తోందని కొత్త కంపెనీ దగ్గరకు వెళ్ళేవాళ్ళు దానికి ఆ అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోని జాబితాలో చూసుకోవాలి. జాబితాలో లేకపోతే ఏ అనుమతి ఉన్న సంస్థ ద్వారా పనిచేస్తోందో రాతలో అడగాలి.

‘మాది చిన్న వ్యాపారం, ఇంత లెక్క మాకెందుకు?’ అనే ప్రశ్న వస్తుంది. పెద్ద కంపెనీకి గేట్‌వేతో బేరమాడే బలం ఉంటుంది, లెక్క చూసే మనుషులు ఉంటారు. ఈ లెక్క అవసరం చిన్నవాళ్ళకే. దానికి పెద్ద చదువూ అక్కర్లేదు. అమెరికాలో ఉన్న ఒక నమ్మకస్తురాలితో, మీరు నిజంగా అమ్మే ధరకే, నిజమైన ఆర్డరు పెట్టించండి. రెండు మూడు కంపెనీల దగ్గర ఒకే రోజు పెట్టించండి. ఆవిడ కార్డు స్టేట్‌మెంట్‌లో పడిన మొత్తం, మీ ఖాతాలో జమ అయిన రూపాయలు, జమ కావడానికి పట్టిన రోజులు, ఫిరా మీద రాసి ఉన్న పర్పస్ కోడ్, ఈ నాలుగూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. తర్వాత అందులో ఒకదాన్ని వాపసు చేయించి, ఎంత తిరిగివెళ్ళిందో, మీ నుంచి ఎంత కోసుకున్నారో చూడండి. అన్నీ కలిపి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. ఈ లెక్కను మీ సగటు ఆర్డరు విలువ మారినప్పుడల్లా మళ్ళీ వేయాలి. మొన్నటిదాకా 100 డాలర్ల చీరలు అమ్మినవాళ్ళు 15 డాలర్ల చెవి దుద్దులు కూడా పెట్టారంటే, పాత లెక్కలో గెలిచిన కంపెనీ కొత్త లెక్కలో ఓడిపోయి ఉండవచ్చు.